కంటికొలత మేస్త్రి చేసిన కుక్కపెట్టె

కంటికొలత మేస్త్రి నోరు విప్పాడంటే పక్క బల్ల మీద రంపం ఆగిపోవాల్సిందే. కుర్చీలూ బీరువాలూ చేసే ఆ వర్క్‌షాపులో ఇరవై మంది వడ్రంగులు. పంతొమ్మిది మంది నడుముకి టేపు ఉంటుంది, ఈయన నడుముకి మాత్రం ఉండదు. "దేవుడు రెండు కళ్లిచ్చాక మళ్లీ టేపెందుకయ్యా, దండగ!" అంటాడు. గుమ్మంలోంచే చెక్కని చూసి "ఆరడుగులకి పావంగుళం తక్కువ" అన్నాడంటే, కొలిచి చూసినవాడు నోరు మూసుకుని పోవాల్సిందే. పనిమంతుడు, కాదనలేం. కాకపోతే ఆ పనితనం చేతి దగ్గర ఆగదు, నోటిదాకా పాకుతుంది. పాకిందా, ఇక మాటలు కోటలు దాటుతాయి.

ఏడాదికోసారి ఓనరు ఒక ఆదివారం పనివాళ్ల పెళ్లాం పిల్లల్ని వర్క్‌షాపుకి పిలిచి టీ ఇస్తాడు. ఆ రోజు రంపపు పొట్టంతా ఊడ్చి, పలకలు అడ్డంగా వేసి బెంచీలు చేశారు. మేస్త్రి భార్యా, పదేళ్ల కూతురూ కూడా వచ్చారు. వాళ్లు ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలు.

వార్నిష్ పని చేసే పెద్దాయన్ని అందరూ పాలిష్ తాత అంటారు. ఆయన బిస్కెట్ల ప్లేటు పట్టుకొచ్చి పిల్ల ముందు పెట్టాడు.

"తీసుకో తల్లీ."

"వద్దు తాతా."

"పిల్లలకి బిస్కెట్లు వద్దా? చోద్యం కాకపోతే!"

"నేను తినను తాతా," అంది పిల్ల, తల దించుకుని.

"ఎనిమిది నెలల్నించి ముట్టట్లేదండీ," అంది తల్లి. "మేము బయల్దేరే రోజు, కుక్కకి ఏమీ పెట్టొద్దే, విమానం ఎక్కాలి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇది చాటుగా రెండు బిస్కెట్లు పెట్టింది. దాంతో అక్కడ..."

"ఏయ్, ఆ గోల ఇప్పుడెందుకు?" అని మేస్త్రి గభాల్న అడ్డొచ్చాడు. టీ కాస్తా చొక్కా మీద ఒలికింది.

అసలు సంగతి ఆయనొక్కడికే తెలుసు. వాళ్ల కుక్క చెవులోణ్ణి విమానం వాళ్లు వద్దన్నది బిస్కెట్లవల్ల కాదు. పెట్టెవల్ల. కుక్క తలెత్తి నిలబడితే పైకప్పు తగలకూడదు, అదీ రూలు. మేస్త్రి పెట్టె చేశాడు, టేపు పెట్టకుండా. పెట్టె రెండంగుళాలు పొట్టి. ఇంకో అరగంటలో కౌంటరు మూసేస్తారు, పోనీ అని ఇంకో పెట్టె తెచ్చే వ్యవధి లేదు. సాగనంపడానికొచ్చిన బావమరిది చేతికి గొలుసిచ్చి, అవతల లైన్లో పెంపుడు పిల్లి ఉన్న సంచీతో నిలబడ్డ పెళ్లాం పిల్లల దగ్గరికి నడిచాడు. "నాన్నా, చెవులోడేడీ?" అని పిల్ల అడిగింది. ముప్పై ఏళ్లుగా ఈ పనే చేస్తున్న మేస్త్రికి, నా పెట్టె పనికిరాదన్నారమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. "పొద్దున బిస్కెట్లు పెట్టావుగా. అందుకే వద్దన్నారు," అనేశాడు. పిల్ల విమానంలో దారిపొడుగునా ఏడుస్తూనే ఉంది. ఈయన కళ్లు మూసుకుని నిద్ర నటించాడు.

అప్పట్నించీ కుక్కని తెప్పించే మాటెత్తితే కాగితాలంటాడు, నెలలు పడుతుందంటాడు. మళ్లీ తెప్పించాలంటే మళ్లీ పెట్టె చెయ్యాలి. పెట్టె చేస్తే, ముందు చేసిందానికేమైందని అడుగుతారు.

"విమానంలో కుక్కా? తెచ్చారా మేస్త్రీ ఇక్కడికి?" అన్నాడు సామాను చేరవేసే లారీ డ్రైవరు, కాళ్లు చాపుకుని కూర్చుంటూ.

అక్కడ "లేదు" అంటే అయిపోయేది. కానీ లేదంటే ఎందుకు లేదంటారు. మళ్లీ బిస్కెట్ల దగ్గరికే వస్తుంది.

"తేకపోవడమేంటయ్యా! కుక్కని వదిలేసి వచ్చే రకంలా కనిపిస్తున్నానా నీకు?" అనేశాడు. భార్య తలెత్తి చూసింది. ఈయన ఆవిడ వైపు చూడలేదు.

"చిన్న పనే అనుకో. మా చెవులోడు మోకాలెత్తు కుక్క. నాలుగు ప్లైవుడ్ ముక్కలు, ఒక ఇనప జాలీ, గుప్పెడు స్క్రూలు. పొద్దున మొదలెట్టి మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి పెట్టె తయారు. టేపు పెట్టానా? పెట్టలేదు. వాణ్ణి ఒక్కసారి ఎగాదిగా చూశాను, కోసేశాను. తీసుకెళ్లి ఎయిర్‌పోర్టు కౌంటర్లో పెడితే, అక్కడున్న అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, చూసి లేచి నిలబడిపోయింది. 'సార్, ఇది ఏ ఫ్యాక్టరీది?' అంది. 'ఈ ఫ్యాక్టరీదే తల్లీ' అని రెండు చేతులూ చూపించాను."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి లేచి నిలబడిన మాట నిజమే. లేచింది టేపు తియ్యడానికి. జేబులోంచి టేపు తీసి, పెట్టెలో పెట్టి, కుక్క పక్కన పెట్టి, మర్యాదగానే చెప్పింది. ఆ మర్యాదకే ఈయనకి తల కొట్టేసినట్టైంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అమ్మాయి వాళ్ల పై ఆఫీసర్ని పిలిచింది, ఆయన తన పై ఆఫీసర్ని పిలిచాడు, ఆయన పరుగున వచ్చి పెట్టె మూలలు తడిమి, 'ఇలాంటి పెట్టెని సామాన్ల మధ్య పడేస్తే కళ్లు పోతాయి' అని ముందు వరసలో కిటికీ పక్క సీటు రాయించాడు. ఆ సీటు పెట్టెకి. కుక్కకి ఇంకోటి."

"మరి నీకు?"

"నేనా? ఎక్కడో వెనకాల, మామూలు సీట్లో కూర్చున్నా. మనకెందుకయ్యా గొప్పలు!"

"ఇంట్లో పిల్లి ఉందంటావుగా, దాన్ని కూడా అదే పెట్టెలో తెచ్చారా?" అని ఎవరో అడిగారు.

"పిల్లి నా ఒళ్లోనే వచ్చింది, బజార్లో కొన్న సంచీలో," అంది భార్య. "దానికెవరూ అడ్డు చెప్పలేదు." ఆ మాట మామూలుగానే అంది కానీ, మేస్త్రికి మేకు దిగినట్టైంది. గొంతు పెంచాడు.

"సరే, విమానం లేచింది. కింద సముద్రం. జనమంతా నిద్ర. మా వాడొక్కడే చెవులు..." చెవులన్న మాట దగ్గర ఆగాడు. టీ ఒక గుక్క తాగాడు. "చెవులు రిక్కించి వింటున్నాడు. ఏంటా అని వెళ్లి చూద్దును కదా, విమానం తలుపు బందు వదులైపోయింది! ఎవడో మొరటు వెధవ స్క్రూ సగం బిగించి వదిలేశాడు. పైలటొచ్చి, 'అయిపోయాం మేస్త్రీ' అని నా చేతులు పట్టుకున్నాడు."

"నువ్వు మేస్త్రివని పైలట్‌కెలా తెలుసు?" అన్నాడు డ్రైవరు.

"పెట్టె చూశాడు కదయ్యా! నేను పెట్టె మూలలోంచి ఇంత ముక్క కోసి, చీల చెక్కి, సందులో దిగ్గొట్టాను. చెక్కినంతసేపూ తలుపు పళ్లతో పట్టుకుని నిలబడింది ఎవరు? మా చెవులోడు. నా నడుమెత్తు కుక్క!"

"ఇందాక మోకాలెత్తన్నావు?" అన్నాడు పాలిష్ తాత.

"పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది తాతా, పల్చబడితే కుక్క పెరుగుతుంది. నువ్వెప్పుడూ విమానంలో కుక్కని కొలవలేదు, నీకెలా తెలుస్తుంది?"

"ఓహో, సైన్సు!" అన్నాడు డ్రైవరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? హమ్మయ్య అనుకుని కూర్చున్నానో లేదో ఎడమ రెక్క చివర ఊడి సముద్రంలో పడింది. విమానం ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఆడవాళ్లు ఏడుపు, మగవాళ్లు ఇంకా పెద్ద ఏడుపు. నేను పెట్టె పైకప్పు ఊడదీసి, సుత్తి నడుముకి దోపుకుని, కిటికీలోంచి రెక్క మీదికి దిగాను."

"కిటికీలోంచా?"

"తలుపు నేనే బిగించానుగా, మళ్లీ తీస్తే నా పని నేనే చెడగొట్టుకున్నట్టు కాదూ? పైకప్పుని రెక్కకి అతికాను. అతుకు కనిపించిందేమో ఆ పైలట్నే అడుగు. ఇంకా ఒరుగుతుంటే బరువుకని చెవులోణ్ణి తీసుకొచ్చి ఆ చివర కూర్చోబెట్టాను. అప్పటికి వాడు దూడంత ఉన్నాడు. నేను తోక ఇటు తిప్పితే విమానం ఇటు, అటు తిప్పితే అటు. ఇంతలో ఇంజన్లో నూనె అయిపోయింది. అయితే ఏం? ఒక్క బిస్కె..." మాట మింగేశాడు. "ఒక్కసారి పేరు పెట్టి పిలిచాను. అంతే, తోక ఊపాడు. ఆ తోక గాలికే రెండు గంటలు ఎగిరాం. దిగేటప్పుడు బ్రేకులు పడకపోతే నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి ఆపాడు. ఆ గోళ్ల గీతలు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే వెళ్లి చూసుకోండి!"

బెంచీలు ఊగేలా నవ్వారు. డ్రైవరు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎప్పుడైనా అయితే ఆ నవ్వు మేస్త్రికి కడుపు నింపేది. ఇప్పుడు మాత్రం కూతురు వైపు చూడాలంటే భయంగా ఉంది. పిల్ల నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒక్క మాట కూడా పోనీకుండా వింటోంది.

పాలిష్ తాత గ్లాసు పక్కన పెట్టాడు. "మా చెవుల్లో పువ్వులు పెట్టావు, పెట్టుకున్నాం, బాగుంది. పనివాడిగా ఒక్కటడుగుతాను. అంత కుక్క పట్టిన పెట్టె లోపల ఎత్తెంత?"

ఇరవై తొమ్మిదంగుళాలు. కౌంటర్లో అమ్మాయి పైకి చదివిన అంకె, ఎనిమిది నెలలుగా చెవిలోనే ఉంది.

"కుక్కకి సరిపడా," అన్నాడు మేస్త్రి.

"సరిపడా అంటే?"

"సరిపడా అంటే సరిపడానే తాతా! ఏంటి, కోర్టా ఇది?"

"నాన్నా," అంది పిల్ల. అందరూ అటు తిరిగారు. "నేనా రోజు బిస్కెట్లు పెట్టకపోయుంటే ఇదంతా జరిగేదా?"

ఎవరికీ అర్థం కాలేదు. "అంటే ఏంటమ్మా?" అన్నాడు డ్రైవరు.

"చెవులోడు రాలేదంకుల్. మా మామయ్య దగ్గరే ఉన్నాడు. నేను బిస్కెట్లు పెట్టబట్టే విమానం వాళ్లు వద్దన్నారు. లేకపోతే కిటికీ పక్కన కూర్చునేవాడు." వేళ్లు నలుపుకుంటూ, "మామయ్య ఫోన్లో చూపిస్తాడు గానీ నేను చూడను. వాడికి మొహం ఎలా చూపించను?" అంది.

నవ్వినవాళ్లందరూ గ్లాసుల్లోకి చూస్తున్నారు. మేస్త్రి నాలుక చివర ఇంకో అబద్ధం తయారుగానే ఉంది, పిల్లని నవ్వించి, ఒళ్లోకి లాక్కుని, సర్దేసేంత నున్నటి అబద్ధం. పిల్ల మొహం చూశాడు. ఆ అబద్ధం బయటికి రాలేదు.

"బిస్కెట్లది కాదమ్మా తప్పు," అన్నాడు. "పెట్టె పొట్టిదైంది. రెండంగుళాలు."

"ఏంటీ?" అంది భార్య.

"టేపు పెట్టలేదు. తలదాకా చూసుకుని కోసేశాను. చెవులు మర్చిపోయాను."

"చెవులోడికి చెవులు మర్చి..." అని ఎవరో నవ్వబోయి ఆపేశారు.

"ఎనిమిది నెలల్నించి పిల్లని నేను కూడా దెప్పుతున్నానే!" భార్య లేచి నిలబడింది. "దాని మీద నెట్టెయ్యడానికి మీకసలు నోరెలా వచ్చింది?"

"వచ్చింది," అన్నాడు మేస్త్రి. "సిగ్గేసింది. నా పని బాలేదని చెప్పుకోలేక చెప్పాను. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు." పంతొమ్మిది మంది వడ్రంగులు వింటున్నారు.

పిల్ల తలెత్తింది. "అయితే వాడికి నామీద కోపం లేదా?"

"నీ మీదెందుకుంటుంది తల్లీ! ఉంటే నా మీదే."

బిస్కెట్ల ప్లేటు ఆయనే ఆమె ముందుకి జరిపాడు. పిల్ల దాని వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఇప్పుడొద్దు," అంది.

పాలిష్ తాత తన నడుముకున్న టేపు ఊడదీసి మేస్త్రి చేతిలో పెట్టాడు. భార్య అప్పటికే తమ్ముడికి ఫోన్ కలిపింది. "ఒరేయ్, టేపు తీసుకో. చెవులోణ్ణి గోడ పక్కన నిలబెట్టు. కింది నుంచి చెవుల కొసలదాకా. తలదాకా కాదు, కొసలదాకా!"

అవతల గొలుసు చప్పుడు, "ఆగరా, కదలకు" అని గొణుగుడు, ఒక మొరుగు. ఆ మొరుగు వినగానే పిల్ల లేచొచ్చి అమ్మ భుజం మీంచి ఫోన్లోకి తొంగి చూసింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

"ముప్పై ఒకటక్కా," అన్నాడు తమ్ముడు.

పిల్ల మేస్త్రి చెవి వెనకున్న పెన్సిల్ లాక్కుంటే ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ పెన్సిల్‌తోనే బెంచీ పలక మీద రాసింది, ముప్పై ఒకటి. మేస్త్రి వంగి ఆ అంకె చూశాడు. సరైందేనని కన్ను చెబుతోంది.

"ఇంకోసారి కొలవమను," అన్నాడు.