ఆకాశాన్ని నమ్మి, నీటినీ అడిగిన మ్యోంగ్‌సుక్ గారు

1988 మార్చి రెండవ తేదీన చోంగ్‌పో అఖాత జలపరీక్షా కార్యాలయంలో సహాయకురాలిగా చేరిన శ్రీమతి ఓక్ మ్యోంగ్‌సుక్ గారు, ముప్పై ఏడేళ్ల సేవను ముగించి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అందులో ఇరవై ఆరేళ్లు వారి పడవకు సరంగునైన నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది.

తొలినాళ్లలో వారి పరికరాలు రెండే: నీరు పట్టే సీసా, తాడు కట్టి నీటి తేటదనం చూసే తెల్ల పళ్లెం. తరువాత ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. నాచు ఎక్కడ పెరుగుతోందో రంగుల్లో చూపే ఆ విద్యను వారు నలభై ఆరో ఏట, కొత్త కళ్లజోడు పెట్టుకుని మరీ నేర్చుకున్నారు.

2013 మే నెలలో చిత్రంలో అఖాతానికి అడ్డంగా పసుపు చార కనిపించింది. విషనాచు అనుకుని, ఆల్చిప్పలు తీయవద్దని వారు ఆ పూటే నోటీసు రాశారు. నాలుగు రోజుల తరువాత పరీక్షలో విషం లేదని తేలింది. ఆల్చిప్పలు పెంచే తెప్పల యజమానురాలు ప్యో బున్‌రే అవ్వ నేరుగా మా రేవుకే వచ్చింది.

"ఏమే పిల్లా, ఆకాశంలోంచి చూసి మా సముద్రానికి రోగమని రాశావటగా? అది కొండమీది పైన్ పుప్పొడే! మేము దాంతో మిఠాయి చేసుకు తింటాం."

"తప్పు నాదే అవ్వా."

"ఒప్పుకుంటే అయిపోయిందా? రేపు నిజంగా విషం వస్తే నీ మాట ఎవడు వింటాడు?"

ఆ ప్రశ్న వారిని నిలవనీయలేదు. తెప్పలున్న నలభై ఒక్క ఇళ్లకూ స్వయంగా వెళ్లి, తప్పు తనదని చెప్పి వచ్చారు. ఆనాటి నుంచి చిత్రంలో మరక కనిపిస్తే, ఒక ఆల్చిప్పల రైతును వెంట తీసుకుని, సీసా, పళ్లెం పట్టుకుని పడవెక్కి నీటిని చూశాకనే నోటీసు రాసేవారు. పైనుంచి చూసేవారికి సర్వమూ తెలుస్తుందని మా గుడిలో వింటూ పెరిగినవాణ్ణి. మరి పైనుంచి చూసినదాన్ని కిందికి దిగి అడగవలసిన అవసరం ఎందుకు పడిందో, బుద్ధునికి దండం పెట్టుకుంటూ ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

రెండేళ్లకు మళ్లీ చార పడింది. ఈసారి పడవలో అవ్వే ఉంది. వేలితో నీరు తీసి నలిపి చూసి, "ఇది పుప్పొడి కాదమ్మా. సరంగూ, పడవ తిప్పు! పొద్దున తీసిన ఆల్చిప్పలు మా ఇంట్లో పొయ్యిమీదున్నాయి," అంది.

"ఉడికినా ఈ విషం పోదు అవ్వా!"

"తెలుసులేవే, అందుకేగా తిప్పమంటున్నా!"

మేము చేరేసరికి ఇంటిల్లిపాదీ గిన్నెల ముందు కూర్చుని ఉన్నారు. అవ్వ పులుసు కుండను పెరట్లో కుమ్మరించి, "పిల్ల చెప్పింది, ఎవరూ ముట్టకండి!" అని వాడంతా వినబడేలా అరిచింది. ఆ సాయంత్రం నలభై ఒక్క ఇళ్లలో ఒక్కరూ తెప్ప దగ్గరికి పోలేదు. మూడో రోజు పరీక్షలో విషం రుజువైంది.

నేడు ఎనభై ఆరేళ్ల అవ్వ ఈ సభకు పుప్పొడి మిఠాయిల డబ్బా పంపింది. "పిల్ల ఇక ఇంట్లో కూర్చుంటుందేమో, పడవ మాత్రం అమ్మొద్దని చెప్పండి," అని కబురు కూడా పంపింది.

మ్యోంగ్‌సుక్ గారూ, మీ కళ్లు చల్లగా, మోకాళ్లు గట్టిగా ఉండాలని, అవ్వ వయసు దాటి మీరు ఏటేటా ఆ మిఠాయి తింటూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. పడవ రేవులోనే ఉంటుంది.