గంధం పెట్టని పోర్టు

చెన్నై జార్జి టౌన్‌లోని కాగితాల కొట్టులో కార్తీక, కంప్యూటర్లన్నిటికీ నెట్ పంచే కొత్త నెట్‌వర్క్ స్విచ్ గోడకు బిగించి, రూటర్ కేబుల్ తగిలించింది. మిగతా కేబుళ్ల కోసం కిందికి వెళ్లి వచ్చేసరికి, ఓనరుగారి తల్లి గంధం గిన్నెతో దాని ముందు నిలబడి ఉంది.

"అవ్వా, కేబుళ్లు దూర్చే ఈ పోర్టుల బొక్కల్లో ఏం పెట్టినారు?"

"కొత్త మిషను గదమ్మా, గంధం పెట్టినా."

"పైన పెట్టుండొచ్చు గదా! లోపలికి పోతే నెట్ రాదవ్వా. నేను ఒంటిగా చేసే మొదటి పని ఇది. పన్నెండుకల్లా ఒక్క కంప్యూటరుకన్నా నెట్ రాకుంటే నా ఉద్యోగం పోతాది."

"అయ్యో, ఏడవబాక కన్నూ. ఆ కొసన ఉండేదానికి పెట్టలేదులే."

"గంధం అయిపోయిందా?"

"గిన్నె నిండా ఉండాది. అది మా వాడి కంప్యూటరుకని నువ్వే గదా చెప్పినావు? వాడితో నాకు మూడు దినాలుగా మాటల్లేవు."

కార్తీక ఓనరుగారి కంప్యూటరు కేబుల్‌ను గబగబా ఆ కొస పోర్టులో దూర్చింది. పచ్చ లైటు వెలిగింది.

"వచ్చేసింది అవ్వా! నెట్ వచ్చేసింది!"

"ఎవరికి?"

"ఓనర్ సారుకు."

"వాడొక్కడికేనా? ఊడబెరుకు దాన్ని, దానికీ పెడతా!"

కార్తీక స్విచ్‌కు అడ్డంగా నిలబడి, తన మేనేజరుకు ఫోన్ చేసి ఒక కంప్యూటరుకు నెట్ వచ్చిందని చెప్పింది.