పొగ మీద కళ్లాపి

అసిరమ్మ, అరవై ఏళ్ల మనిషి, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుద్ది. మా శ్రీకాకుళం వైపు ఆడోళ్లకి అది వింతేం కాదు, మీరలా నోళ్లు తెరవకండి. మనవరాలు పల్లవికి ఉబ్బసం, అందుకని అరుగు మీదే తాగేదంట. పిల్ల తల్లేమో విశాఖలో కూలి పనికెళ్లి, కరోనాకి బస్సులాగిపోతే అక్కడే చిక్కడిపోయింది. పైగా ఊళ్లోవాళ్లు దారికడ్డంగా ముళ్లకంపలు పడేసేరు. పిల్ల పీల్చే మందు టౌన్లో ఉంది. ఇంట్లో ఉన్న డబ్బా ఊపితే ఖాళీదే అనుకోండి.

ఇంతలో ఏమైందంటే, మగాళ్లు రచ్చబండ మీద కూర్చుని ఆలోచన చేసేరంట. పనుల్లేవు కదా, ఆలోచనే చెయ్యాల. ప్రెసిడెంటు సూర్నాయుడు దండోరా వేయించేడు, పొద్దుగూకేసరికి ప్రతి గుమ్మం ముందూ కుండలో పిడకలూ వేపాకూ వేసి పొగ పెట్టాల, ఆ పొగకి కరోనా పొలిమేర దాటిపోద్ది అని. ఆలోచన మగాళ్లది, పిడకలు మోసింది ఆడోళ్లు, అది వేరే చెప్పక్కర్లేదు. వీధంతా పొగ. కరోనా ఎటెళ్లిందో గానీ, పల్లవి మాత్రం డొక్కలెగరేసుకుంటా గోడకానుకుని కూర్చుంది, పడుకుంటే ఊపిరాడదు. దగ్గు విని పక్కింటోళ్లు కిటికీలు మూసేసేరంట, దీనికే కరోనా వచ్చింది, బడిలో పెట్టి తాళం వేసీండి అని.

అసిరమ్మ సూర్నాయుడి గుమ్మానికెళ్లింది. నాయుడా, ముళ్లకంప తియ్యించు, పిల్లకి మందు తెచ్చుకోవాల అంది. దారి మూసింది గవర్నమెంటు ఆర్డరు పెద్దమ్మా, నా చేతిలో లేదు అన్నాడు. మరి పొగో? పొగ నా ఆర్డరే అని మీసం దువ్వుకున్నాడంట. నీదేనా, అయితే సరే అని ఇంటికెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి నోట్లో చుట్ట, చేతిలో కళ్లాపి బకెట్టు, నిండా పేడనీళ్లు. వీధి చివర నుంచి మొదలెట్టి ఒక్కో కుండలో ఓ చెంబుడు పోసుకుంటా వస్తా ఉంది. సుయ్ మని ఆరిపోతన్నాయి. సూర్నాయుడు ఉరికొచ్చి, ఏటిది పెద్దమ్మా, రోగమొచ్చి చస్తాం అన్నాడు. పేడనీళ్లకి రోగాలు పోతాయని మీయమ్మ రోజూ వాకిట్లో చల్లుద్ది కదా, మీయమ్మది తప్పంటావా అంది. వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడుంది. నాయుడు అటోసారి చూసి, ముందు నీ నోట్లో పొగ ఆర్పు, తర్వాత ఊరిది ఆర్పుదువు అన్నాడంట. మగాళ్లు ఘొల్లుమన్నారు. నిజం చెప్పాలంటే మాట న్యాయమే. అసిరమ్మ చుట్ట తీసింది, నిప్పుకేసి ఓసారి చూసింది, బకెట్లో పడేసింది. ఆరింది, నువ్వు జరుగు, అని ఆయన కుండలో బకెట్టంతా కుమ్మరించేసింది. పంచె మీద కూడా కాస్త పడిందంట. కాస్తే.

మర్నాడు ఏ ఆడదీ పొగ పెట్టలేదు. ఒకావిడ పిడకలు తడిసిపోయేయంది, ఒకావిడ అగ్గిపెట్టి కనపడలేదంది. ముళ్లకంప ఎవరు లాగేసేరో సూర్నాయుడికి ఇప్పటికీ తెలీదు. మాకు తెలుసు, చెప్పం. ఆ సందులోంచే ఆశా వర్కరు అమ్మాయి బండి మీద వెళ్లి మందు తెచ్చింది, పిల్ల నడుం వాల్చి నిద్రపోయింది. కథంటే ఇంతే, ఇందులో దేవుడూ లేడు, మంత్రమూ లేదు. అసిరమ్మ అంటారా, బళ్లు తెరిచేదాకా చుట్ట ముట్టలేదు. తెరిచిన రోజు పల్లవిని బడిలో దింపి, అటునుంచటే చేను గట్టు మీద కూర్చుని ముట్టించింది.