బాబా ఇంట్లోనే ఉండాడు

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన మూడో నెల. మంగఫ్‌లో ఒక మేడ, మూడో అంతస్తులో ఐర్లండ్ వాళ్ళ ఇల్లు. వంటగదిలో పనిమనిషి గంగాదేవి, ఆమె చంకలో ఏడాది నిండని బిడ్డ. వఫ్రా తోటల నుంచి లారీలో వచ్చి గుమ్మంలో నిలబడినవాడు ఆమె మొగుడు ఈశ్వరయ్య. లోపలి గదిలో, తలుపు వేసుకుని, ఇంటామె తండ్రి.

"ఇంగ ఏం సర్దేది ఉండాది గంగా? మూట కట్టినావు, బిడ్డకు నీళ్ళు పట్టుకున్యావు. పద."

"పోదాం బావా. రవ్వంతసేపు."

"నేను వచ్చినప్పటి సంది రవ్వంతసేపే నీది. గౌస్ బాయ్ ఆ సందులో హసన్‌బీని, వాళ్ళ పిల్లోళ్ళను లారీలో ఎక్కించుకోని వస్తాడు. హారన్ కొడతానే దిగాల. బడి కాడ బస్సులు మధ్యాన్నానికి కదులుతాయి. బస్రా, బాగ్దాదు, ఆణ్ణుంచి అమ్మాన్, ఆడ ఊరికి ఇమానం. ఇవి పోతే మళ్ళా ఎప్పుడో ఎవునికీ తెలీదు."

"తెలుసు."

"తెలిస్తే కాలు కదలాల కదా?"

"ఆయన నిద్రపోతాండాడు. చెప్పకుండా ఎట్ల పోయేది?"

"ముసిలోడా? నాలుగు రొట్టెలు, మందులు మంచం పక్కన పెట్టి తలుపేసుకోని వచ్చెయ్. సిపాయిలు తెల్లోళ్ళను ఏరి పట్టుకపోతాండారు, దాచిపెట్టినోళ్ళను ఉరి తీస్తామని గోడలకంతా అంటించినారు, సూళ్ళేదా నువ్వు?"

"సూసినా. చదవడం రాదు గానీ, చదివినోళ్ళు చెప్పినారు."

"మరి? చంకలో బిడ్డను పెట్టుకోని ఆ మాట అంటాండావే! అసలు ఆయప్ప ఈ దేశానికి ఎందుకొచ్చినట్టు?"

"ఎండ కోసం."

"ఏందీ?"

"ఎండ కోసమంట. మోకాళ్ళ నొప్పులు పోతాయని. వాళ్ళ దేశంలో ఏడాది పొడుగునా వానేనంట."

"కువైట్‌కా? జులైలో? ఎండ కోసమా? దేవుడా! ఇట్లాంటి తిక్కలోన్ని కావలి కాసుకోనా నువ్వు కూర్చున్యావు!"

"నవ్వాకు. ఇనపడతాది."

"కూతురికన్నా తెలివి ఉండక్కర్లేదా?"

"మా ఇంటామె ఓర్లా మామా ఏం కలగనిందా? పిల్లోన్ని వాళ్ళ దేశంలో బడికి వేసొస్తామని మొగుడూ పెండ్లామూ పోయిరి. 'మా నాయన్ను నీ చేతిలో పెట్టినా గంగా' అనింది. వాళ్ళు పోయిన వారానికి వీళ్ళు దిగిరి."

"నాయన్ను నీ చేతిలో పెట్టింది. నీ పాస్‌పోర్టు ఎవురి చేతిలో పెట్టింది?"

"బీరువాలో. బీగంచెవి ఆయమ్మ సంచిలో."

"బీగంచెవి ఐర్లండ్‌లో, బీరువా ఈడ. సరేలే, నేను ఎంబసీ వాళ్ళతో కాగితం రాయించుకోని వచ్చినా, దాంతోనే పోతాం. అయినా ఒక గడ్డపార దొరకలేదా ఇంట్లో?"

"అడిగినా."

"గడ్డపారనా?"

"ఆయన్ని. ఆగస్టులోనే అడిగినా, బీరువా పగలగొట్టియ్యి బాబా అని. 'అది నా బిడ్డ బీరువా గంగా, అందులో నేను చెయ్యి పెట్టేది బాగుండదు' అన్యాడు. నెమ్మదిగా చెప్పినాడు. మర్యాదగా."

"మర్యాద!"

"శానా మర్యాదస్తుడు బావా. మంత్రిగా చేసినాడు."

"ఎవురు?"

"ఈయనే. టియర్నీ దొర. వాళ్ళ దేశంలో, ఒకప్పుడు."

"మంత్రా! మంత్రి అయితే ఇంగేమి, ఆ దేశమోళ్ళు ఇమానం పెట్టి తీసకపోరా?"

"ఇప్పుడు ఎవురికీ అక్కరలేని మంత్రి. సోషలిస్టంట. ఆ పార్టీవోళ్ళే తరిమేసినారంట."

"సోషలిస్టంటే? మనూర్లో ఎర్రజెండా వాళ్ళ మాదిరా?"

"అట్లనే అనుకో. ముందర గదిలో గోడ నిండా ఫోటోలే. రేడియో పెడితే బయటికి ఇనపడతాదని భయం, టీవీలో సద్దాం తప్ప ఎవురూ రారు. ఆయన ఎవురితో మాట్లాడాల? నేను ఇస్త్రీ చేస్తాంటే పక్కన నిలబడి ఒక్కో ఫోటో చెప్పుకుంటా వస్తాడు."

"నీకు ఆ ఇంగ్లీషంతా తెలుస్తాదా?"

"మూడేండ్లుగా ఈ ఇంట్లోనే కదా ఉండా. సగం మాట, సగం చెయ్యి."

"సరే. ఏమంటాడు ఆ మంత్రి? హారన్ కొట్టేదాకా చెప్పు."

"వాళ్ళ నాయన ఓడల్లో బొగ్గు మోసేటోడంట. వాళ్ళమ్మ దొరల ఇండ్లల్లో మెట్లు కడిగేదంట."

"మెట్లు కడగడమేంది?"

"వాకిలి కాడి రాతిమెట్లు. మోకాళ్ళ మింద వంగి, ఆ సలిలో. వాళ్ళమ్మ మోకాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఆయనకు కండ్లల్లో నీళ్ళు తిరుగుతాయి. నేనప్పుడు నేల తుడుస్తాంటా. 'కాలెత్తు బాబా' అంటే ఎత్తుతాడు."

"మళ్ళా?"

"మళ్ళా దించుతాడు."

"అది కాదే! ఆయప్ప కత మళ్ళా ఏమాయ అంటాండా."

"మీసాలు రాకముందే రొట్టెల బట్టీలో పనికి పోయినాడంట. బట్టీలో ఒకనికి చెయ్యి కాలితే, యజమాని ఇంటికి పొమ్మన్యాడంట. ఈయన అందర్నీ బయటికి తెచ్చి వీధిలో కూర్చోబెట్టినాడు. ఊర్లో రొట్టె ముక్క లేదు. పోలీసులు వచ్చినారు. జైల్లో వేసినారు. జైల్లో కూడు ముట్టలేదంట."

"ఉత్తిదే! ముసిలోళ్ళు ఇట్లాంటివి వంద చెప్తారు."

"ఫోటో ఉండాది. ఇద్దరు రెక్కలు పట్టుకోని బయటికి తెస్తాండారు. ఎముకలే. నవ్వుతాండాడు."

"ఆ చెయ్యి కాలినోన్ని మళ్ళా పనిలోకి తీసుకున్యారా?"

"తీసుకున్యారంట."

"మ్‌."

"ఏంది బావా?"

"ఏం లేదు. మా తోటలో ఒక బంగ్లాదేశ్ పిల్లోడు బాయిలో పడి సచ్చిపాయ, చెప్పింటి కదా. ఆ పొద్దు మేమూ పని నిలిపేసి కూర్చున్యాం. శవాన్ని వాళ్ళ దేశం పంపిస్తేనే లేస్తామని. తోట యజమాని కఫీల్ జీపు దిగి, కట్టె పట్టుకోని 'యల్లా, లేయండి' అన్యాడు. ఒక్కసారే అన్యాడు. నేనే ముందు లేసినా."

"నాకు చెప్పలేదే ఆ మాట."

"ఏం చెప్పేది? సరే, ఆయప్ప సంగతి చెప్పు. ఎప్పుడు గెలిచినాడు?"

"మూడుసార్లు ఓడిపోయినాడంట. చర్చిలో ఫాదరు పేరు పెట్టి చెప్పినాడంట, ఈనికి ఓటేస్తే నరకానికి పోతారని. వాళ్ళమ్మ ముందు బెంచీలోనే ఉంది. లేసి, అందరి ముందర నడుచుకుంటా బయటికి వచ్చేసిందంట. సచ్చేదాకా మళ్ళా చర్చి గడప తొక్కలేదంట."

"గట్టిదే ముసిలిది!"

"నాలుగోసారి గెలిచినాడు. పెద్దోళ్ళ పార్టీతో కలిసి మంత్రి అయినాడు. అయినాక పనిమనుషులకు వారానికొకదినం సెలవు ఇయ్యాల్సిందే అని చట్టం తెచ్చినాడంట. 'నేను చేసిన మంచి పని అదొక్కటే గంగా' అంటాడు."

"బాగుండాది కదా!"

"నాకెప్పుడు సెలవు బాబా, అని అడిగినా."

"ఏమన్యాడు?"

"నవ్వినాడు. మంచి ప్రశ్న అన్యాడు. షర్టు ఇప్పి ఇచ్చి, కాలరు కాడ గట్టిగా రుద్దమన్యాడు."

"ఎగతాళికి అన్యాడేమోలే."

"ఏమో. మంత్రిగా ఉన్నప్పుడే, ఆస్పత్రుల్లో గుడ్డలుతికే ఆడోళ్ళు పని నిలిపేసి వాకిట్లో కూర్చున్యారంట. ఈయన పోలీసుల్ని పంపినాడు."

"ఈయనా?"

"ఈయనే. జైల్లో కూడు మానేసినాయనే. ఆ ఫోటో గోడ మింద లేదు, నోటితో చెప్పినాడు. 'రోగులు సస్తారని భయపడితిని' అన్యాడు. మళ్ళా 'అది కాదులే అసలు కారణం' అన్యాడు."

"ఎవురూ అడక్కుండానే చెప్పినాడా?"

"ఎవురడుగుతారు? నేను ఇస్త్రీ చేస్తాండా."

"తర్వాత?"

"ఆ ఆడోళ్ళే ఓడగొట్టిరి. పార్టీ తరిమేసె. పెండ్లాం సచ్చిపాయ. కూతురేమో ఆయిల్ కంపెనీ ఇంజనీరును చేసుకోని ఈడికి వచ్చె. అంతే."

"అయినా ఒప్పుకున్యాడు కదా గంగా, తప్పు చేసినా అని. ఎవుడొప్పుకుంటాడు? మా కఫీల్ ఒప్పుకున్యాడా? బాయికి గోడ కట్టియ్యకపోతి అని? సౌదీకి పారిపోతా, మోటరు తాళం కూడా జేబులో ఏసుకోని పాయ, నీళ్ళు లేక గొర్రెలు సచ్చిపోయినాయి. నేనే లేసినా ముందు అని నేనన్నా ఒప్పుకోనుంటినా, ఇప్పటిదాకా?"

"ఒప్పుకుంటే ఏమొస్తాది బావా? ఆ ఆడోళ్ళకు ఏమొచ్చింది?"

"నేనొకసారి సూసొస్తా ఆయప్పని."

"వద్దు. నిద్రపోతాండాడు."

"తలుపు సందులోనుంచి సూస్తా."

"వద్దంటే! బావా!"

ఈశ్వరయ్య చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి పోయాడు. తిరిగి వచ్చేసరికి గంగాదేవి కిటికీ దగ్గర ఉంది.

"నిద్రపోతాండాడంటివి? బూట్లు ఏసుకోని కుర్చీలో కూర్చోనుండాడే!"

"ఇప్పుడు లేసినాడేమో."

"నన్ను సూసి నిలబడినాడు గంగా! మోకాళ్ళు పట్టుకోని, అయినా లేసినాడు. చెయ్యి ఇచ్చినాడు. నా చెయ్యి తిప్పి ఆ పగుళ్ళన్నీ సూసినాడు. తానున్న కుర్చీ చూపించి కూర్చోమన్యాడు. ఈ దేశంలో నేను ఇన్నేండ్లుగా ఉండా, ఇంట్లో కుర్చీ చూపించినోడు ఒక్కడు లేడు."

"నీకు కుర్చీ వేసినాడా?"

"వేసినాడు. ఆయప్ప మంచం మింద కూర్చున్యాడు."

"నాకెప్పుడూ వెయ్యలేదు."

"నువ్వు ఇంట్లో మనిషివి కదే."

"ఆ. ఇంట్లో మనిషినే."

"ఇంటాండావా? ఆయప్పని తీసకపోదాం."

"యాడికి?"

"లారీలో. గౌస్ బాయ్ తొడుక్కునే పొడుగు దిష్‌దాషా ఒకటి సీటు ఎనకాల ఉండాది. అది తొడిగి, తలకు గుడ్డ సుట్టి, మొగం సగం కప్పేస్తాం. పఠాన్ ముసిలోడు, నోట్లో మాట రాదు, జరం అని చెప్తాం."

"ఆ నీలం కండ్లు?"

"పఠాన్లకు ఉంటాయిలే. బస్సులో కాదు. నిన్నూ బిడ్డనూ బస్సెక్కించి, నేను ఆయప్పని వఫ్రాకు తీసకపోతా. గొర్రెల కాపర్లకు సౌదీ పక్కకు ఇసకలో దార్లు తెలుసు. పోయిన వారం ఇద్దర్ని దాటించినారు."

"మమ్మల్ని బస్సెక్కించి నువ్వు ఈడ ఉంటావా? ఇప్పుడేగా ఉరి తీస్తారంటివి! ఎవురో ముసిలోని కోసమా?"

"ఎవురో కాదు. ఎవురో చెయ్యి కాలినోని కోసం ఆయప్ప జైలుకు పోలేదా? నేను ఒక్కసారన్నా లేయకుండా కూర్చోవాల గంగా. ఒక్కసారన్నా."

"బిడ్డను ఎవురు సాకుతారు?"

"నువ్వు ఊరికి చేరితే బిడ్డ బతుకుతాది. నేనొస్తా. ఎట్లనో ఒకట్ల వస్తా. పద, ఆయప్పకు చెప్పు, నీ ఇంగ్లీషు నీకుండాది కదా. చొక్కా ఇప్పమను."

"వద్దు బావా."

"వద్దేంది? టయిం లేదు."

"లేదు. టయిం లేదు."

"ఊరికే ఆ కిటికీ కాడ ఏముంది? లారీ ఈ పక్కకు రాదు, ఎనకవైపు వస్తాది."

"బిడ్డను ఎత్తుకో. రెండు చేతులా ఎత్తుకో."

"ఏమాయ నీకు?"

"పొద్దున రొట్టె వరసలో నిలబడుకోనుంటి. సిపాయి ఒకడు వచ్చినాడు, పిల్లోడే, నీ తమ్మునంత ఉంటాడు. ఇన్ని రొట్టెలు ఎవురికి, ఇంట్లో ఎవురుండారు అని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"ఈ దేశంలో దిగిన దినమే, నాకంటే ముందొచ్చిన సంజీవమ్మక్క నేర్పించింది. తలుపు కొట్టినా, ఫోన్ చేసినా, దావలో అడిగినా, ఒంటిగా ఉండానని మాత్రం చెప్పాకు, ఇంటాయన ఉండాడని, బాబా ఇంట్లోనే ఉండాడని చెప్పు, నీ మానం నీకు దక్కుతాది అని. పనిమనుషులందరం చెప్పేది అదే కదా. గ్యాసోనికి, నీళ్ళ ట్యాంకరోనికి, అందరికీ అదే చెప్తాండా మూడేండ్లుగా. నిద్దట్లో లేపి అడిగినా అదే వస్తాది."

"గంగా..."

"బాబా ఫిల్ బేత్ అన్యా. బాబా ఇంట్లోనే ఉండాడు. అనినాక గుర్తొచ్చింది, ఎవురితో అంటాండానో."

"సరే. సరే. నోరు జారింది. ఎవురికైనా జారుతాది. ఎవురో అరబ్బు బాబా అనుకోనుంటాడు ఆ పిల్లోడు."

"ఏ దేశమోడని అడిగినాడు. చెప్పినా."

"బెదిరించినాడా?"

"మధ్యాన్నం ఆఫీసరు వస్తాడు, అంతదాకా ఆయన్ని కదలనీయాకు, నీకూ బిడ్డకూ ఏమీ కాదు, అన్యాడు."

"అంటే బెదిరించినట్టే! తుపాకీ ముందర నువ్వేం చేస్తావు? బిడ్డను సూపించి బెదిరించుంటాడు దొంగనాకొడుకు. నీ తప్పేమీ లేదు గంగా, భయంతో చెప్పినావు..."

"లేదు బావా, బిడ్డకు బిస్కత్తు ఇచ్చినాడు. తుపాకీ భుజానికే ఉండె. ఏ ఇల్లు అని అడిగితే తెలీదని చెప్పుండచ్చు, ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మూడో అంతస్తు, ఎడమ పక్క కిటికీ అని నేనే వేలు పెట్టి చూపించినా."