ఎర్ర చుక్క పెట్టిన ఇల్లు

గట్ల కుండల ఎనక టార్చి ఏసి ఎందుకు దేవులాడుతరు సార్? మీ కప్పల లెక్కకు కార్డు పంపిన గదా! చెట్టుకప్ప ఉన్నదని రాసిన గదా! రెండేండ్లు నా మాట మీదనే రాసుకొని పోతిరి, ఈసారి ఏమైంది? ముందుగాల మంచం మీద కూసోండ్రి. చాయ్ పెడుత.

ఏంది, కుంటలా? తిరిగిన సార్. మీరు చెప్పినట్లే వాన పడ్డ తెల్లారి పోయిన. నీళ్ల మీదికి వంగిన కొమ్మకు నురగ గూడు కనబడితే కప్ప ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ములకలపల్లి దిక్కు రెండు కుంటల కాడ దొరికినయ్. చండ్రుగొండ దిక్కు ఒక్కటి లేదు. ఫారెస్టు వాచర్‌గ ముప్పై ఏండ్లు నడిచిన కాళ్లు సార్ ఇవి, అబద్ధమెందుకు చెప్త?

ఆ... నా ఇంట్ల కప్పనా? ఉన్నది. గోడ పట్టుకొని ఎటో పోయుంటది.

యాదికున్నదా సార్, ఎనభై మూడుల మీరు మొదటిసారి వచ్చినప్పుడు నా పెండ్లాం ద్వాలి కుండ జరిపి కప్పను చూపెట్టింది? "మా ఆడబిడ్డ సార్, ఎండలు ముదరంగనే పుట్టింటికొస్తది, వానలు దిగినంక గాని పోదు" అని ఒకటే నవ్వు! కప్ప దొరికిన చోటని మీరు మ్యాపు మీద ఎర్ర పెన్సిల్‌తోని చుక్క పెట్టిండ్రు. "గీ అడవిల మొదటి చుక్క మీ ఇల్లే రెడ్యా" అన్నరు. ద్వాలి ఆ మాట తండా అంత చెప్పుకున్నది.

ఇప్పుడు చెప్పుకుందామంటే తండా ఏది? బస్సు దొరుకుతదని అందరు రోడ్డు పక్కన ఇండ్లు కట్టుకొని పోయిండ్రు. ద్వాలి మలేరియా జరంతోని పోయింది. ఆ కోపానికి దోమల మందు కొట్టేటోళ్లను నేనే పిలుచుకొచ్చిన. కుండల కాడ వద్దన్నరు వాళ్లు. నేనే ఇనలె. తెల్లారి చూస్తే కప్ప గోడ కింద సచ్చి పడున్నది, కాళ్లు సాపుకొని. నా చేత్తోనే బొంద పెట్టిన.

అవ్ సార్. మూడేండ్ల సంది ఉన్నదనే రాస్తున్న.

కోపం చెయ్యకుండ్రి. వరుసగ రెండేండ్లు లేదని రాస్తే ఆ చోటు లిస్టుల నుంచి పోతదని మీరే అంటిరి. పోతే మీరు గీ ఇంటికెందుకొస్తరు? ఏడాదికి ఒక్క పూట కూసొని "ఎట్లున్నవ్ రెడ్యా" అని అడిగేది మీరొక్కరే.

తుడిచెయ్యండ్రి సార్ ఆ చుక్క. తప్పు నాదే.

చాయ్ మరిగింది. తాగినంక తుడవండ్రి.