ఇంటర్వెల్ లేని ఆట

పరాయి దేశంలో, క్లేటన్ అనే ఊరి దగ్గర ఒక సినిమా హాలు. రెండు వేల సంవత్సరం, చలికాలం, ఆదివారం మధ్యాహ్నం. ఆట వదిలారు. కారు పక్కన ముసలాయన దస్తగిరి, ఆయన మనవరాలు జాహిదాతో పెళ్ళిమాటలు నడుస్తున్న ఫుర్కాన్. జాహిదా ఇంకా లోపలే ఉంది.

"సినిమా బాగుందా తాతగారూ?"

"ఊఁ."

"ఆ ఓడలు! ఆ ఎడారిలో గుర్రాలు! ఇసుకొచ్చి మన కళ్ళల్లో పడ్డట్టే లేదూ?"

"పడలా."

"ప్రేమకథే తేలిపోయింది. ఇద్దరూ సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడుకోలేదు. కోట కూలగానే రాణి వచ్చి వాటేసుకుంది. ఎప్పుడు ప్రేమించిందండీ? ఎందుకు ప్రేమించింది?"

"నువ్వేం మాట్లాడావ్?"

"నేనా?"

"మా పిల్లతో."

"అదీ... పాప్‌కార్న్ కావాలా అన్నాను."

"ఏమంది?"

"మీ దగ్గరుందంది."

"ఉండింది. అయిపోయింది. ఇంకా?"

"ఇంటర్వెల్‌లో మాట్లాడదామనుకున్నానండీ. బయటికి తీసుకెళ్ళి, టీ ఇప్పించి..."

"ఊఁ?"

"ఇక్కడ ఇంటర్వెల్ ఇవ్వరంట తాతగారూ! ఇప్పుడు లైట్లేస్తారు, ఇప్పుడేస్తారని చూస్తానే ఉన్నా. వేసేసరికి పేర్లు పడుతున్నాయి."

"ఈ దేశమొచ్చి రెండేళ్ళయిందన్నావ్?"

"సినిమాకి తీరికెక్కడిదండీ? అంతా ఆ వైటూకే పనే. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని..."

"ఆగినయ్యా?"

"లేదు."

"నీలాగే. అంత హడావుడీ చేసి, ఏం జరగలా."

"అంటే... రాత్రికి బాపట్లలో మీవాళ్ళకి ఫోన్ చేసి, కాదని చెప్తారా?"

"ఫోన్ కార్డు కూడా కొన్నా. చెయ్యాలిగా."

"ఏం చెప్తారు?"

"నువ్వేమన్నా చెబితేగా, నేను చెప్పడానికి."

"మధ్య సీట్లో మీరు కూర్చున్నారు కదండీ! మీ మీదుగా ఎట్టా మాట్లాడేది?"

"అందుకేగా నేను నిద్రపోయింది."

"భలే గురక పెట్టారు. ముందు సీటు తెల్లాయన తిరిగి తిరిగి చూశాడు."

"మాట్లాడుకోండర్రా అని పెట్టిన గురక అది! గొంతు మండిపోతంది. నువ్వేమో గుర్రాల్ని చూస్తా కూచున్నావ్."

"అయ్యో! జాహిదా గారికి తెలుసా?"

"ఇంట్లో నేనేనాడూ గురక పెట్టలా. దానికి తెలవదా?"

"అదుగో, వస్తున్నారు. తాతగారూ, మీరే ఒక్క మాట..."

"నాకు గొంతు పోయింది."

"సారీ తాతా, క్యూ చాలా పెద్దదుంది. ఇవిగో కారు తాళాలు. హీటర్ వేసుకుని పడుకో."

"నువ్వెక్కడికే?"

"ఇదే సినిమాకి, తర్వాతి ఆటకి. రెండే టికెట్లు తీశా."

"నేను కార్లో ఉండాలా అంతసేపూ?"

"ఈసారి నిజంగానే నిద్రపో. గొంతుకి కూడా మంచిది."

"మళ్ళీ ఇదేనా జాహిదా గారూ? కథంతా చూసేశాం కదండీ!"

"చూసేశాం కాబట్టే. మళ్ళీ తెర వైపు చూశారంటే, బాపట్లకి ఫోన్ నేనే చేస్తా."