ఊపిరాడటం లేదంటోంది

షెడ్డు ముందు వ్యాన్ ఆగి ఉంది. పగలే, ముసురు, చలి. వ్యాన్ బావది, పడుకునేదీ అందులోనే. మెకానిక్ షెడ్డు బావమరిదిది.

"పైకప్పుకి ఓ చిన్న ఫ్యాను పెట్టరా అంటే ఇన్ని ప్రశ్నలేంట్రా చిన్నోడా?"

"ప్రశ్న ఒకటే బావా. ఇంత చలిలో ఫ్యానెందుకు?"

"గాలాడ్డానికి."

"నీకా? కిటికీ అంగుళం తీస్తే దుప్పటి మీద దుప్పటి లాక్కునేవాడివి. తియ్యండి తియ్యండి అని గోలపెట్టేది అక్క ఒక్కతే."

"పెట్టేది. సర్లే, రంధ్రం ఎక్కడ కొడతావో చెప్పు. పరుపుకి కుడివైపు, సరిగ్గా పైన పడాలి."

"నువ్వు పడుకునేది ఎడమవైపు కదా."

"కుడివైపన్నానా? అలవాటు."

"బావా, ఊపిరాడనిది ఎవరికి?"

"ఎవరికేంటి? వ్యాన్లో నేను కాక ఇంకెవరున్నారు? నాలుగు కుట్టుమిషన్లున్నాయి. వాటికి మాత్రం ఊపిరి అక్కర్లేదా?"

"నవ్వించకు. అద్దంలో మొహం చూసుకున్నావా? పీక్కుపోయింది."

"వయసురా. పొద్దున్నే తల పగిలిపోతుంది. లేచి నించుంటే కళ్ళు తిరుగుతాయి. ఒక్కోసారి కడుపులో తిప్పుతుంది. రోడ్డు మీద కాసేపు తిరిగొస్తే అంతా సర్దుకుంటుంది."

"బయటికొస్తే సర్దుకుంటుందా?"

"ఆఁ. దానికేం?"

"రాత్రిళ్ళు చలికేం చేస్తున్నావు?"

"హీటరుందిగా. డీజిల్‌తో మండేది. ఈ చలికాలమే కొన్నాను. మీ అక్క ఉన్నప్పుడు దాని అవసరం రాలేదు. ఇద్దరుంటే చలి అంతగా తెలీదు."

"ఎవరు బిగించారు?"

"నేనే."

"నువ్వా?"

"ఏం? ఊరూరా తిరిగి కుట్టుమిషన్లు విప్పి బిగించేవాణ్ణి. వెంట్రుక మందం తేడా ఉంటే వేలితో పట్టేస్తాను. దీనికి ఉన్నదెంత, నాలుగు గొట్టాలు!"

"నాకింత షెడ్డుంది. ఒక్క ఫోను చేసుంటే..."

"నీ పని చెడగొట్టడం ఎందుకని."

"పని కాదు. అక్క పోయాక నా మొహం చూడ్డం నీకిష్టం లేదు."

"నీ ముక్కు అచ్చం తనదేరా. నన్నేం చెయ్యమంటావు?"

"సరే, పరుపెత్తు. హీటరు దాని కిందేనా?"

"ఏయ్, ఫ్యాను పైన కదా. పరుపెందుకు?"

"ఎత్తు బావా. ఆఁ... ఇది నేలకి ఆనలేదు. చుట్టూ చూడు, నా వేలు దూరుతోంది. కింద వేసే గాస్కెట్ ఏది?"

"రబ్బరు రేకులాంటిదా? డబ్బాలో ఉంది. మిగిలిపోయిందనుకున్నా."

"ఈ డబ్బాలో ఏదీ మిగలదు బావా. ఉండు, వ్యాన్ కిందకి దూరుతున్నా. టార్చి ఇలా ఇవ్వు."

"ముసురులో తడిసిపోతావురా."

"పొగగొట్టం వ్యాన్ కింద నడిమధ్యలో ఆపేశావేంటి?"

"పొగ బయటికే వదిలాగా. వ్యాన్ కిందంటే బయటే కదా?"

"బయటంటే వ్యాన్ అంచు దాటాలి. తలుపూ కిటికీ లేని వైపుకి పోవాలి. ఇలా మధ్యలో వదిలితే పొగ అక్కడక్కడే తిరిగి, ఇందాక వేలు దూరిన సందులోంచి నీ పరుపు కిందకే వస్తుంది. పైగా గొట్టాన్ని పట్టి ఉంచే ఈ క్లాంపు చూడు, చేత్తో ఊపితే ఊగుతోంది. గొట్టం హీటరుకి బిగుసుకుని లేదు. ఊరికే ఆనుకుని ఉంది."

"పొగొస్తే వాసన రాదా? నాకు ఒక్కరోజు కూడా రాలేదు."

"ప్రాణం తీసేదానికి వాసనుండదు. కార్బన్ మోనాక్సైడ్ అంటారు. దాన్ని కొలిచే ఈ మీటరు నీ తలగడ మీద పెడుతున్నా. హీటరు వేసి దిగు. తలుపు మూసి బయట నించుందాం."

"ఎంతసేపు?"

"అదే చెబుతుంది."

"ఒరేయ్, అప్పుడే అలా అరుస్తోందేంటి?"

"తలుపు తెరువు! రెండో తలుపు కూడా! తీగ పీకకు, తీగ పీకకు, బయటి నుంచే ఆ స్విచ్చు నొక్కు. మంట చల్లారి తనంతట తను ఆగుతుంది. ఇవతలకి రా. ఇంకా ఇవతలకి."

"వచ్చాలే. చెయ్యి వదులు."

"బావా, ఈపాటికి నువ్వు చచ్చిపోయుండాల్సింది."

"మెల్లగా అను."

"మెల్లగా ఏంటి? ఇక్కడెవరు వింటారు?"

"ఎవరూ లేరు. అలవాటు."

"రాత్రంతా తలుపు బిగించుకుని ఇందులో పడుకున్నవాడు పొద్దున లేవడు. నువ్వెలా లేస్తున్నావు?"

"లేపుతుంది."

"ఎవరు?"

"ఫ్యాను సంగతి చూడరా."

"ఎవరు లేపుతున్నారు బావా?"

"మీ అక్క."

"బావా..."

"అలా చూడకు. నేను తాగి లేను. హీటరేసి కాస్త వెచ్చబడ్డాక వస్తుంది. ముందు మిషను చప్పుడు వినిపిస్తుంది, ఏదో కుడుతున్నట్టు. తర్వాత కుడివైపు పరుపు కుంగుతుంది. జరగండి, అంటుంది. జరుగుతాను."

"ఇక చాల్లే బావా."

"అడిగావుగా, చెప్పనీ. కాసేపు బాగానే ఉంటుంది. ఫలానా టైలరమ్మ మిషనుకి సూది తప్పు వేశారు, అంటుంది. పొద్దున్న వెళ్ళి చూస్తే నిజమే, తప్పే వేశాను. ఆ తర్వాత మొదలవుతుంది. ఊపిరాడటం లేదండీ, తలుపు తియ్యండి. తలుపు తియ్యండి. ఒకటే పోరు. తీస్తాను. చలిగాలి మొహాన కొడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే ఉండదు. రోజూ అంతే. తలుపు తీస్తాను, వెళ్ళిపోతుంది. మెట్టు మీద కూర్చుని తెల్లారేదాకా చూస్తాను. అందుకేరా ఫ్యాను. గాలాడితే తలుపు తియ్యమనదు. ఉండిపోతుంది."

"అది అక్క కాదు బావా. ఈ గాలి నెత్తికెక్కితే లేని చప్పుళ్ళు వినిపిస్తాయి. లేని మనుషులు పక్కన కూర్చుంటారు."

"అయితే సగమే బిగించు."

"ఏంటీ?"

"ఆ క్లాంపు. సగం బిగించు. నేను చావనంత. తను వచ్చేంత."

"ఇదేమన్నా దగ్గు మందా, చెంచాడు చెంచాడు తాగడానికి? దీనికి సగం లేదు బావా."

"నీకేంరా, ఎన్నయినా చెబుతావు. పోయింది నీకు అక్క. నాకు..."

"నాకు అక్కే. అమ్మ పోయాక చంకనెత్తుకుని పెంచిన అక్క. ఆ పరుపు మీద పడుకుంటే వస్తుందంటే ఈ రాత్రి నేను పడుకోనా? నువ్వో రాత్రి, నేనో రాత్రి, వంతులేసుకునేవాళ్ళం. రాదు బావా. వచ్చేది చావు, అక్క గొంతు పెట్టుకుని."

"వస్తే రానీ."

"ఏమన్నావు?"

"ఏం లేదు. నాకేం బాగుచెయ్యొద్దు. బయల్దేరతా."

"తాళాలు నా జేబులో ఉన్నాయి. పరుపెత్తినప్పుడే తీసుకున్నా. ఆ స్టూలు మీద కూర్చుని టీ తాగు."

"ముక్కొక్కటే కాదు, మొండితనమూ తనదే."

"తిట్టుకో. తిట్టుకుంటూ ఆ రెంచి ఇటు అందించు."

"ఇదా?"

"దాని పక్కది."

"ఆ నట్టు రెండుసార్లు కింద పడేశావురా."

"చలి."

"చలి కాదు."

"సరే, చలి కాదు. అందించు."

"ఆ గొట్టం అంత పొడుగెందుకు?"

"అంచు దాటాలన్నాగా. తలుపు లేని వైపుకి తీసుకెళ్ళి మూతి కిందకి తిప్పాను. వేడి దేనికీ తగలకుండా పైన మండని పట్టీ చుట్టాను. డీజిల్ పైపు దానికి దూరంగా జరిపాను. మంటకి గాలి పీల్చే గొట్టం మరో దిక్కున పెట్టాను, తన పొగ తనే పీల్చకుండా. ఇటొచ్చి చూడు, అడుగున ఇనప రేకు, గాస్కెట్. వేలు పెట్టు."

"దూరట్లేదు."

"వెంట్రుక?"

"వెంట్రుకా దూరదు."

"ఈ అలారం తలగడ దగ్గర బిగించాను. ఇది అరిస్తే ఇంకేం ఆలోచించకు. హీటరు ఆపు, బయటికొచ్చెయ్. తర్వాత నాకు ఫోను."

"మీటరేమంటోంది?"

"తలుపు మూసి ఇందాకట్నుంచీ హీటరు నడుపుతూనే ఉన్నా. సున్నా."

"సున్నా."

"సున్నా బావా."

"ఇంక రాదన్నమాట."

"కోపమొస్తే తిట్టు పోనీ."

"ఏమనమంటావు? చక్కగా బిగించావు, చీమ కూడా దూరదు. ఆసుపత్రిలో ఒకసారి పోయింది. ఇవాళ నువ్వు రేకేసి, నట్లేసి రెండోసారి పంపేశావు."

"అలా అనకు బావా."

"నువ్వు పంపకపోయినా ఉండేది కాదులే. నిన్న రాత్రి ఆపి చూశాను."

"ఏం ఆపావు?"

"తలుపు తియ్యండి అంది. తియ్యనన్నాను. తీస్తే వెళ్ళిపోతావు, ఈ ఒక్క రాత్రికి తియ్యను అన్నాను. కళ్ళు మూసుకుని పడుకున్నా."

"నిన్నా? ఈ హీటరు పెట్టుకుని తలుపు తియ్యలేదా?"

"తియ్యలేదు. మొదట బతిమాలింది. తర్వాత తిట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను పల్లెత్తు మాటనని మనిషి, ఒరేయ్ లేవరా అంది. నా చెయ్యి పట్టుకుని లాగింది. ఇదిగో, ఇక్కడ. నేను లేవలేను, కాళ్ళు నావి కావు. అయినా లాగింది. ఎప్పుడు తీశానో తెలీదు, తలుపు తీసుంది. మెట్టు మీద పడున్నాను. తను లేదు. అంత తొందరేంట్రా? నా దగ్గర్నుంచి వెళ్ళిపోవడానికి మీ అక్కకి అంత తొందరా?"

"బావా."

"ఊఁ."

"వెళ్ళిపోవాలనుకున్న మనిషి నీ చెయ్యెందుకు లాగుతుంది?"